తిరుగుదారి: నెట్‌వర్క్ ర్యాక్‌లో విద్యుత్ తీగలు, ఎర్తింగు

విద్యుత్ ప్రవాహం ఏ మూలం నుంచి బయలుదేరుతుందో ఆ మూలానికే తిరిగి చేరుతుంది. చేరే దారి లేని చోట ప్రవాహమే ఉండదు. బడిలో తొలి పాఠంగా నేర్చే ఈ నియమం తరచుగా మరుగున పడే చోట్లలో నెట్‌వర్క్ ర్యాక్ ఒకటి. స్విచ్‌లు, రూటర్లు, సర్వర్లు ఒకదానిపై ఒకటిగా బిగించే ఈ లోహపు చట్రం ముందుభాగపు ప్రామాణిక వెడల్పు 19 అంగుళాలు, అంటే 482.6 మిల్లీమీటర్లు. 1920ల నాటి అమెరికా టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో రిలేలను బిగించడానికి వాడిన చట్రాల నుంచి ఈ కొలత వారసత్వంగా వచ్చింది. ఎత్తును ‘యూ’ అనే ప్రమాణంతో కొలుస్తారు. ఒక యూ అంటే 1.75 అంగుళాలు, కాబట్టి 42 యూల ర్యాక్‌లో పరికరాలకు దొరికే ఎత్తు సుమారు 1.87 మీటర్లు. ఆ ఎత్తులో ఇరవై లోహపు పెట్టెలు ఒకే చట్రానికి మరలతో బిగిసి ఉన్నప్పుడు విద్యుత్ దృష్టిలో అవన్నీ కలిసి ఒకే వాహకం అవుతాయి. ఒక పెట్టెలో ఇన్సులేషన్ చెడితే ఆ చట్రంలో ఎక్కడ చెయ్యి తగిలినా ప్రమాదమే. అందువల్ల ర్యాక్‌కు విద్యుత్తును తీసుకువచ్చే తీగలనూ, దాన్ని భూమితో కలిపే తీగలనూ విడివిడి పనులుగా కాక, ఒకే వలయంలోని రాకపోకల దారులుగా చూడవలసి ఉంటుంది.

మట్టి, తీగ: లోపం జరిగినప్పుడు దారి ఏది?

పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టుల సరఫరాను 415 వోల్టులకు దించుతుంది. దాని లోపల మూడు ఫేజుల చుట్టలు కలిసే చోటును స్టార్ పాయింటు అంటారు. అక్కడి నుంచే న్యూట్రల్ తీగ బయలుదేరుతుంది, అక్కడే ఆ బిందువును భూమికి కూడా కలుపుతారు. ఏ ఒక్క ఫేజుకైనా న్యూట్రల్‌కూ మధ్య సుమారు 230 వోల్టులు ఉంటాయి. స్టార్ పాయింటు భూమితో కలిసి ఉండటం వల్ల భూమి కూడా మూలానికి చేరే ఒక దారి అవుతుంది. నేలమీద నిలబడి ఫేజు తీగను తాకిన మనిషికి షాక్ తగలడానికి కారణం ఇదే. మూడో తీగగా వచ్చే ఎర్త్ వైరు మామూలు సమయంలో లోడు కరెంటును మోయదు. ఇన్సులేషన్ దెబ్బతిని ఫేజు తీగ పెట్టెకు తగిలినప్పుడు ఆ కరెంటును మనిషి శరీరం కంటే ఎన్నో రెట్లు సులువైన దారిలో మూలానికి చేర్చి, ఆ క్రమంలో బ్రేకరు తెగిపడేలా చేయడం దాని పని.

‘కరెంటు భూమిలోకి పోయి అక్కడే ఇంకిపోతుంది’ అన్న నమ్మకం ఎంత తప్పో ఒక చిన్న లెక్క చూపిస్తుంది. ర్యాక్ చట్రాన్ని 5 ఓముల నిరోధం ఉన్న ఎర్త్ పిట్‌కు, అంటే నేలలో పాతిన ఎలక్ట్రోడుకు, మాత్రమే కలిపారనీ, ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఎర్త్ నిరోధాన్ని లెక్కలోకి తీసుకోలేదనీ అనుకుంటే, లోపం జరిగినప్పుడు పారే కరెంటు 230ని 5తో భాగించగా వచ్చే 46 ఆంపియర్లు. సరఫరా దారిలో ఉన్నది 32 ఆంపియర్ల సి-రకం ఎంసీబీ (చిన్న సర్క్యూట్ బ్రేకరు) అయితే, అది తక్షణం తెగిపడటానికి దాని రేటింగుకు 5 నుంచి 10 రెట్లు, అంటే 160 నుంచి 320 ఆంపియర్లు అవసరం. 46 ఆంపియర్లను అది స్వల్ప ఓవర్‌లోడుగా భావించి చాలాసేపు ఊరుకుంటుంది; అంతసేపూ చట్రం మొత్తం ప్రాణాంతకమైన వోల్టేజీతో నిలబడి ఉంటుంది. అదే చట్రం నుంచి ట్రాన్స్‌ఫార్మర్ స్టార్ పాయింటు వరకు అవిచ్ఛిన్నంగా రాగి దారి ఉండి, రానుపోను మొత్తం నిరోధం అర ఓము మాత్రమే ఉంటే, పారే కరెంటు 460 ఆంపియర్లు. ఎంసీబీ సెకనులో వందో వంతు కాలంలోనే సరఫరాను తెంచేస్తుంది. బ్రేకరును పనిచేయించేది లోహపు తిరుగుదారి. ఎర్త్ పిట్ ఒక్కటే ఆ పని చేయలేదు.

సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పెద్ద భవనాల్లో అలాంటి లోహపు దారిని స్టార్ పాయింటు వరకు వేయడం సాధ్యమే. వీధి స్తంభం నుంచి కనెక్షన్ తీసుకుని సొంత ఎర్త్ పిట్‌ మీద ఆధారపడే చిన్న కార్యాలయాల్లో తిరుగుదారి మట్టి గుండానే సాగుతుంది కాబట్టి, అక్కడ ఎంసీబీకి తోడుగా ఆర్‌సీసీబీ తప్పనిసరి అవుతుంది. ఫేజులో వెళ్లిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగివచ్చిన కరెంటుకూ మధ్య తేడాను పసిగట్టి, ఆ తేడా నిర్ణీత పరిమితిని దాటితే సరఫరాను ఆపే స్విచ్చు అది.

జనరేటర్లు, యూపీఎస్‌ల విషయంలో ఈ నియమం మరింత జాగ్రత్తను కోరుతుంది. జనరేటర్ నడుస్తున్నప్పుడు విద్యుత్తుకు మూలం మారిపోతుంది. దాని స్టార్ పాయింటును ఎర్త్‌కు కలపకపోతే, ర్యాక్‌లో లోపం జరిగినా ఆ కరెంటుకు జనరేటర్‌కు చేరే దారి ఉండదు, ఏ బ్రేకరూ తెగదు, రెండో లోపం జరిగేవరకు మొదటిది దాగి ఉంటుంది. యూపీఎస్ బ్యాటరీపై నడిచేటప్పుడు దాని ఇన్వర్టరు తనను తాను కాపాడుకోవడానికి కరెంటును తన రేటింగుకు కొద్ది రెట్లకు మించి పోనివ్వదు కాబట్టి, మెయిన్స్ మీద చటుక్కున తెగే బ్రేకరు బ్యాటరీ మీద తెగకపోవచ్చు. ర్యాక్‌లోని బ్రేకర్లను ఎంచుకునేటప్పుడు ఈ బలహీన మూలాన్ని ప్రాతిపదికగా తీసుకోవడం అందుకే.

లోపం లేకపోయినా పారే కరెంటు

నేటి నెట్‌వర్క్ పరికరాలన్నిటిలోనూ ఉండేది ఎస్‌ఎంపీఎస్, అంటే విద్యుత్తును సెకనుకు వేలు లక్షల సార్లు తెంచి కలుపుతూ కావలసిన వోల్టేజీని తయారుచేసే విద్యుత్ విభాగం. ఆ వేగవంతమైన తెంపుల నుంచి పుట్టే రేడియో రొద బయటి తీగల్లోకి పోకుండా ఆపడానికి ఫేజుకూ పెట్టెకూ మధ్య ఒకటి, న్యూట్రల్‌కూ పెట్టెకూ మధ్య ఒకటి చొప్పున వై-కెపాసిటర్లు అనే చిన్న భాగాలను అమరుస్తారు. రొదను పెట్టెలోకి మళ్లించే ఈ కెపాసిటర్లు 50 హెర్ట్‌జ్ సరఫరాను కూడా కొద్దిగా వదులుతాయి. దాన్నే లీకేజి కరెంటు అంటారు. ఎర్త్ వైరు సరిగా ఉన్నంతవరకు ఆ కరెంటు దాని గుండా నిశ్శబ్దంగా తిరిగిపోతుంది. ఎర్త్ వైరు తెగితే రెండు సమాన కెపాసిటర్ల మధ్య పెట్టె వేలాడుతూ 230 వోల్టులలో సగానికి, అంటే సుమారు 115 వోల్టులకు చేరుతుంది. ఎర్త్ లేని సాకెట్లో పెట్టిన కంప్యూటర్ పెట్టెను తాకితే వేళ్లు జిల్లుమనడానికి కారణం ఇదే.

ఒక్క పరికరం విషయంలో ఆ జిల్లు చిరాకు కలిగించేది మాత్రమే. 2.2 నానోఫారడ్ల కెపాసిటర్ గుండా 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్ వద్ద పారేది 0.16 మిల్లీఆంపియర్లే. కానీ రెండేసి విద్యుత్ విభాగాలు ఉన్న ఇరవై పరికరాలు ఒకే చట్రానికి బిగిసి, ఆ చట్రపు ఎర్త్ తెగితే, నలభై లీకేజీలూ కలిసి 6.4 మిల్లీఆంపియర్లు అవుతాయి. తాకినవారి శరీరమే వాటన్నిటికీ తిరుగుదారి. సుమారు 0.5 మిల్లీఆంపియర్ల వద్ద మనిషికి విద్యుత్ స్పర్శ తెలుస్తుంది, 10 మిల్లీఆంపియర్ల ప్రాంతంలో కండరాలు బిగుసుకుని పట్టుకున్న చెయ్యి విడిపించుకోలేని స్థితి మొదలవుతుంది. ప్లగ్గుతో కలిపే సాధారణ పరికరానికి భద్రతా ప్రమాణాలు లీకేజి పరిమితిని 3.5 మిల్లీఆంపియర్లుగా పెట్టాయి. అంతకు మించే పరికరాల మీద, విద్యుత్ కనెక్షన్ కంటే ముందే ఎర్త్ కనెక్షన్ ఇవ్వాలన్న హెచ్చరిక ముద్రించి ఉంటుంది. మన మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగిలిన రెండింటికంటే పొడవుగా ఉండటంలోని ఉద్దేశమూ అదే: అది ముందుగా తగులుతుంది, చివరగా వీడుతుంది.

ఈ లీకేజీ వల్లే మొత్తం ర్యాక్‌ను 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒక్కదాని కింద పెట్టడం పొరపాటవుతుంది. అది 15 నుంచి 30 మిల్లీఆంపియర్ల మధ్య ఎక్కడైనా తెగవచ్చు కాబట్టి, ఏ లోపమూ లేకుండానే పరికరాల సహజ లీకేజీలు కూడి అర్ధరాత్రి ర్యాక్ మొత్తం ఆగిపోవచ్చు. అలాంటప్పుడు ఆర్‌సీసీబీని తీసేయడం పరిష్కారం కాదు. సర్క్యూట్లను విభజించి ఒక్కోదాని కింద కొన్ని పరికరాలే ఉండేలా చూడటం సరైన మార్గం.

ఎర్త్ పిట్ చేసే పని, చేయలేని పని

అయితే భూమిలో పాతిన ఎలక్ట్రోడు దేనికి అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. భవనంలోని లోహపు భాగాలను చుట్టూ ఉన్న నేల వోల్టేజీకి దగ్గరగా ఉంచడం, పిడుగు కరెంటును, హైటెన్షన్ వైపు లోపాల కరెంటును మట్టిలోకి పంపించడం దాని పనులు. భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 ఎర్తింగుకు సంబంధించిన పద్ధతులను వివరిస్తుంది. ఎలక్ట్రోడు నిరోధం ప్రధానంగా మట్టి నిరోధకత మీద ఆధారపడుతుంది. ఒక మీటరు భుజం గల మట్టి ఘనంలో ఎదురెదురు ముఖాల మధ్య ఉండే నిరోధమే మట్టి నిరోధకత, దీన్ని ఓమ్-మీటర్లలో చెబుతారు. అమెరికా ప్రమాణాల సంస్థలో పనిచేసిన ఫ్రాంక్ వెన్నర్ 1915లో వివరించిన పద్ధతిలో, సమాన దూరాల్లో నాలుగు కడ్డీలు పాతి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీని కొలిచి దీన్ని నేటికీ లెక్కిస్తున్నారు.

రెండున్నర మీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న జీఐ పైపును 100 ఓమ్-మీటర్ల నేలలో నిలువుగా పాతితే సూత్రం ప్రకారం వచ్చే నిరోధం సుమారు 33 ఓములు. అదే పైపుకు 10 ఓమ్-మీటర్ల తడి బంకమట్టిలో 3.3 ఓములు, వెయ్యి ఓమ్-మీటర్ల రాతి నేలలో 330 ఓములు వస్తాయి. గోదావరి, కృష్ణా డెల్టాల నల్లమట్టిలో తేలికగా కుదిరే ఎర్త్, పలుచని మట్టిపొర కింద గ్రానైటు పరుచుకున్న హైదరాబాదులో కుదరకపోవడానికి కారణం ఈ తేడాయే. పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి నీళ్లు పోయడం, ఉప్పు కరిగి కొట్టుకుపోయే చోట తేమను పట్టి ఉంచే బెంటొనైటు మట్టి నింపడం, తగినంత ఎడంగా మరికొన్ని పైపులు పాతి అన్నిటినీ కలపడం ఈ నిరోధాన్ని తగ్గించే మార్గాలు. ఎన్ని చేసినా ఎర్త్ పిట్ ఒక ఓము దరిదాపుల్లోకి రావడమే కష్టమైనప్పుడు, ఓములో పదో వంతు కూడా లేని రాగి తీగ చేసే పనిని దానిమీద మోపడం తగదు.

పిడుగు, వేగం, రెండు పిట్ల ప్రమాదం

కంప్యూటర్ల కోసం భవనపు ఎర్త్‌తో సంబంధం లేని ప్రత్యేకమైన ‘ఎలక్ట్రానిక్ ఎర్త్’ పిట్ తవ్వించి, దాన్ని మిగతావాటితో కలపకుండా ఉంచితే పరికరాలకు రొద అంటదన్న అభిప్రాయం చాలా చోట్ల ఉంది. పిట్ అదనంగా ఉండటంలో తప్పు లేదు. కలపకుండా ఉంచడంలోనే ముప్పు ఉంది. భవనం మీద పిడుగు పడి, అందులో 10,000 ఆంపియర్లు 5 ఓముల భవనపు పిట్‌లోకి దిగితే, ఆ పిట్‌కు కలిసిన లోహమంతా దూరపు నేలతో పోలిస్తే 50,000 వోల్టులకు లేస్తుంది. వేరే పిట్‌కు కలిపిన ర్యాక్ మాత్రం నేల వోల్టేజీకి దగ్గర్లోనే ఉండిపోతుంది. ఆ రెండింటినీ కలిపే వంతెనలు విద్యుత్ తీగలూ, డేటా కేబుళ్లూ మాత్రమే. రాగి తీగల ఈథర్‌నెట్ పోర్టులోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ప్రమాణం ప్రకారం తట్టుకోవలసింది 1,500 వోల్టులు. 50,000 వోల్టుల ముందు అది నిలవదు. అన్ని ఎలక్ట్రోడ్లనూ భూమట్టం దగ్గర రాగి లేదా జీఐ పట్టీతో కలిపితే భవనమంతా ఒక్కసారిగా పైకి లేచి ఒక్కసారిగా కిందికి దిగుతుంది. లోపలి భాగాల మధ్య తేడా పుట్టదు కాబట్టి పరికరాలు బతుకుతాయి.

పిడుగు కరెంటు పరిమాణం ఎంత ప్రమాదకరమో, అది పెరిగే వేగమూ అంతే ప్రమాదకరం. ఏ తీగకైనా మీటరు పొడవుకు సుమారు ఒక మైక్రోహెన్రీ ప్రేరకత్వం, అంటే కరెంటు మార్పును ప్రతిఘటించే గుణం ఉంటుంది. మైక్రోసెకనుకు 10,000 ఆంపియర్ల వేగంతో పెరిగే కరెంటు ఒక మీటరు తీగ చివరల మధ్య 10,000 వోల్టులను పుట్టిస్తుంది. తీగను లావు చేసినా ఇది పెద్దగా తగ్గదు, పొట్టిగా, తిన్నగా వేస్తేనే తగ్గుతుంది. మిగిలిన ఎర్త్ వైరును అందంగా చుట్టచుట్టి కట్టడం, పదునైన మూలలుగా వంచడం నిషిద్ధం కావడానికీ, సర్జి నిరోధకానికి ఇరువైపులా ఉండే తీగల మొత్తం పొడవు అర మీటరు మించకూడదన్న నియమానికీ మూలం ఇదే. మిద్దె మీది యాంటెన్నా కేబుల్, వీధి నుంచి వచ్చే టెలిఫోన్ జత, విద్యుత్ సరఫరా, మూడూ భవనంలోకి ఒకే చోట ప్రవేశించి, అక్కడే ఒక బస్‌బార్‌కు, అంటే రంధ్రాలున్న మందపాటి రాగి పట్టీకి, కలవడం ఉత్తమం. ఆరుబయట రెండు భవనాల మధ్య రాగి తీగకు బదులు ఆప్టికల్ ఫైబర్ వేస్తే వంతెనే ఉండదు. అయితే కేబుల్ లోపల బలం కోసం లోహపు తొడుగు ఉంటే దాన్నీ ప్రవేశద్వారం దగ్గరే ఎర్త్ చేయాలి.

ర్యాక్ లోపలి బంధనాలు

గది బస్‌బార్ నుంచి ప్రతి ర్యాక్‌కూ విడిగా ఒక రాగి తీగ రావాలి. దానికి 16 చదరపు మిల్లీమీటర్ల మందం, అంటే దుకాణాల్లో ‘16 స్క్వేర్ ఎంఎం’ అని అడిగే తీగ, సాధారణంగా అంగీకరించిన కనీస పరిమాణం. ఒక ర్యాక్ నుంచి మరో ర్యాక్‌కు గొలుసుకట్టుగా తీగ లాగితే మధ్యలో ఒక్క మర వదులైనా దాని వెనకవన్నీ ఎర్త్ కోల్పోతాయి. విద్యుత్ పరికరాల లోహపు చట్రాలకు రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఇవ్వాలని మన దేశపు విద్యుత్ నిబంధనలు చాలా కాలంగా కోరుతున్నదీ ఒకటి తెగినా రెండోది మిగలాలనే.

ర్యాక్ మీది పౌడర్ కోటింగ్ రంగు మంచి ఇన్సులేటరు కావడంతో, లగ్గును, అంటే తీగ చివర నొక్కి బిగించే రాగి కంకణాన్ని, రంగు మీదే మరతో బిగిస్తే కనెక్షన్ ఉన్నట్టు కనిపించినా ఉండదు. ఆ చోట రంగు గీకి లోహం బయటపెట్టి, తుప్పు పట్టకుండా పలుచని లేపనం పూసి, పళ్లున్న వాషరుతో బిగించడం పద్ధతి. ఒకే రంధ్రం ఉన్న లగ్గు కంపనాలకు తిరిగి వదులవుతుంది కాబట్టి రెండు రంధ్రాల లగ్గును ఎంచుకుంటారు. కీళ్ల మీద తిరిగే తలుపులకు అల్లిక రాగి పట్టీలు వేయాలి, ఎందుకంటే నూనె పట్టిన కీలు నమ్మదగ్గ వాహకం కాదు. కార్డులు మార్చేవారు మణికట్టుకు కట్టుకునే పట్టీ కూడా ఇదే చట్రానికి కలుస్తుంది. అందులోని పది లక్షల ఓముల నిరోధం శరీరం మీది స్థిరవిద్యుత్తును దిగనిస్తుంది, పొరపాటున 230 వోల్టులు తగిలినా కరెంటును 0.23 మిల్లీఆంపియర్లకు పరిమితం చేస్తుంది.

తీగ మందం, ప్లగ్గుల వేడి, రెండు దారుల లెక్క

సరఫరా తీగను ఎంచుకోవడంలో రెండు పరీక్షలు ఉంటాయి: అది వేడెక్కకుండా కరెంటును మోయగలదా, దారిలో ఎంత వోల్టేజీ పోతుంది అన్నవి. 2,400 వాట్ల రూటరు 230 వోల్టుల వద్ద సుమారు 10.4 ఆంపియర్లు తీసుకుంటుంది, 2.5 చదరపు మి.మీ. రాగి తీగలో పది మీటర్ల దూరానికి రానుపోను పోయేది 1.4 వోల్టులు, అంటే 0.6 శాతం. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడే 48 వోల్టుల డీసీ మీద అదే రూటరుకు 50 ఆంపియర్లు కావాలి. 16 చదరపు మి.మీ. తీగ వేసినా పోయేది 1.1 వోల్టులు, అంటే రెండు శాతానికి పైగా. మందం ఆరు రెట్లకు మించి పెంచినా నష్టం శాతం మూడు రెట్లకు పైగా ఉండటం తక్కువ వోల్టేజీకి చెల్లించే మూల్యం. రెండేసి వోల్టుల బ్యాటరీ గళ్లు 24 వరుసగా కలిపి ఆ 48 వోల్టులను పొందుతారు, పైగా టెలిఫోన్ వ్యవస్థల్లో ధనధ్రువాన్ని ఎర్త్ చేస్తారు. అలా చేసినప్పుడు భూమిలోని కేబుల్ తీగ నేలతో పోలిస్తే రుణాత్మకంగా ఉంటుంది కాబట్టి, తేమ తగిలిన చోట రాగి అయాన్లుగా కరిగిపోదు.

పరికరం వెనక ఉండే సి-13 కనెక్టరు 10 ఆంపియర్లకు, సి-19 కనెక్టరు 16 ఆంపియర్లకు అంతర్జాతీయ ప్రమాణంలో ఉద్దేశించినవి. వేడి ఎక్కువగా ఉండే పరికరాలకు అదే ఆకారంలో చిన్న గాడితో ఉండే సి-15 వాడతారు. ఏ కనెక్టరుకైనా అసలు శత్రువు వదులు. ఓములో పదో వంతు నిరోధం పుట్టిన స్పర్శబిందువులో 16 ఆంపియర్లు పారితే అక్కడ పుట్టే వేడి 25.6 వాట్లు, రేడియో మరమ్మతు బల్ల మీద సీసం కరిగించే సాల్డరింగ్ ఐరన్ సామర్థ్యం కూడా ఇంచుమించు అంతే. కనెక్టర్లకు జారకుండా పట్టే క్లిప్పులు పెట్టడం, పలుపోగుల తీగను మర కింద నేరుగా కాక ఫెర్రూల్, అంటే లోహపు గొట్టపు తొడుగు, తొడిగి బిగించడం, ఒక పీడీయూను, అంటే ర్యాక్ లోపలి విద్యుత్ పంపిణీ పట్టీని, మరో పీడీయూకు తగిలించకపోవడం ఈ కారణంగానే.

ముఖ్యమైన పరికరాలకు రెండు విద్యుత్ విభాగాలు ఇచ్చి, ఒకదాన్ని ‘ఏ’ దారికి, రెండోదాన్ని ‘బి’ దారికి కలుపుతారు. రెండూ లోడును చెరిసగం పంచుకుంటాయి కాబట్టి ఒక్కో 16 ఆంపియర్ల పీడీయూలో 9 ఆంపియర్లు చూపిస్తే ఇంకా చోటుందని అనిపిస్తుంది. ‘ఏ’ దారి పోయిన మరుక్షణం ‘బి’ మీద 18 ఆంపియర్లు పడి కొంతసేపటికి దాని బ్రేకరూ తెగవచ్చు. ఒక దారి పోయినా బతకాలని కట్టిన ర్యాక్ అప్పుడు మొత్తంగా చనిపోతుంది. అందుకే రెండు దారుల మొత్తం లోడు ఒక్క దారి సామర్థ్యంలో ఎనభై శాతానికి లోబడి ఉండేలా చూస్తారు. ఎస్‌ఎంపీఎస్ స్థిరమైన వాట్లు తీసుకునే పరికరం కావడంతో, వోల్టేజీ 230 నుంచి 180కి పడితే కరెంటు 28 శాతం పెరుగుతుందన్నదీ ఈ లెక్కలో కలపాలి.

మూడు ఫేజుల మీద సమానంగా పంచినా న్యూట్రల్ ఖాళీగా ఉంటుందన్న హామీ లేదు. 50 హెర్ట్‌జ్ కరెంట్లు న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కానీ ఎస్‌ఎంపీఎస్‌లు వికృత తరంగాకారంలో కరెంటు తీసుకుంటే పుట్టే మూడో హార్మోనిక్, అంటే 150 హెర్ట్‌జ్ భాగం, మూడు ఫేజుల నుంచీ ఒకే తాళంలో వచ్చి కూడుతుంది. పవర్ ఫ్యాక్టర్‌ను సరిదిద్దే ఆధునిక విద్యుత్ విభాగాల్లో ఇది బాగా తగ్గినా, న్యూట్రల్‌ను ఫేజు కంటే సన్నగా వేయకూడదన్న నియమం అలాగే నిలుస్తుంది.

పనిచేస్తున్నంత మాత్రాన సరిగా ఉన్నట్టు కాదు

ఎర్త్ తెగిన ర్యాక్‌లో దీపాలు ఎప్పటిలాగే మినుకుమంటాయి, సమాచారం ఎప్పటిలాగే ప్రవహిస్తుంది. ఫేజు తెగితే పరికరం ఆగిపోయి తన లోపాన్ని తానే చెప్పుకుంటుంది. ఎర్త్ తెగిన సంగతి మాత్రం కొలిచి చూస్తే తప్ప తెలియదు. గది బస్‌బార్‌కూ ర్యాక్‌లోని ప్రతి పెట్టెకూ మధ్య నిరోధం ఓములో పదో వంతు లోపల ఉందో లేదో, లోప వలయపు మొత్తం నిరోధం బ్రేకరును తక్షణం తెంచేంత తక్కువగా ఉందో లేదో, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఎన్ని వోల్టులు ఉన్నాయో చూడటం, నేల అత్యంత పొడిగా ఉండే ఏప్రిల్, మే నెలల్లో పిట్ నిరోధాన్ని కొలవడం ఈ పరీక్షల్లో ముఖ్యమైనవి. ఇవన్నీ చేసే తీరిక లేనప్పుడు, మిల్లీఆంపియర్లు చూపగల క్లాంప్ మీటరును ర్యాక్‌కు, దాని పీడీయూలకు వచ్చే ఎర్త్ తీగలకు తగిలించి చూసినా తెగిన ఎర్త్ జాడ దొరకవచ్చు. పరికరాల వడపోత కెపాసిటర్లు ప్రతి క్షణం కొంత కరెంటును వదులుతూనే ఉంటాయి కాబట్టి, ఆరోగ్యంగా నడుస్తున్న ర్యాక్ ఎర్త్ తీగల్లో కొన్ని మిల్లీఆంపియర్లు కనిపించి తీరాలి. అన్ని తీగల్లోనూ సున్నా చూపిస్తే అది శుభవార్త కాదు: ఆ తీగలు ఎక్కడో తెగి ఉండాలి, లేదా కరెంటు ఎవరూ ఉద్దేశించని మరో దారిలో మూలానికి తిరిగి వెళుతూ ఉండాలి.